లేచిపోయిన అప్పలనర్సమ్మ

మా అమ్మమ్మ కోపానికి రెండు మెట్లుండేవి. మొదటి మెట్టు మీద ఉన్నంతసేపూ వంటింట్లో గిన్నెలు చప్పుడు చేసేవి. రెండో మెట్టెక్కిందంటే ఆ చప్పుడు కాస్తా ఆగిపోయేది. గడప మీద కూర్చుని, ఎవరి మొహమూ చూడకుండా, "ఉండండి, నేనూ అప్పలనర్సమ్మలాగా కోరంగి ఓడెక్కి పోతాను. అప్పుడు గానీ తెలిసిరాదు మీకు" అనేది. ఆ మాట చెవిన పడగానే తాతయ్య పేపరు మడిచి పక్కన పెట్టి, తనే లేచి వెళ్లి రెండు గ్లాసుల కాఫీ కలుపుకొచ్చేవాడు.

అప్పలనర్సమ్మ ఎవరో మా పిల్లలెవరికీ తెలీదు. అమ్మమ్మ వాళ్ల అమ్మమ్మకి పెత్తల్లి వరసట. నాకు పన్నెండేళ్లప్పుడు ఉండబట్టలేక అమ్మనడిగాను. అమ్మ అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "లేచిపోయిందిట. నువ్వింక ఎక్కడా అడక్కు" అంది. అంతే. విక్టోరియా రాణి రోజుల్లో చీపురుపల్లి దగ్గర పల్లెటూళ్లో పుట్టిన మనిషి బతుకంతా మావాళ్లు ఆ ఒక్క మాటలో మడిచి పెట్టెలో పెట్టేశారు.

పోయినేడు మా పెద్దమావయ్య సహస్ర చంద్ర దర్శనానికి వాళ్లబ్బాయి వంశవృక్షం అచ్చు వేయించి అందరికీ తలొకటీ పంచాడు. పెద్ద మర్రిచెట్టు బొమ్మ, కొమ్మకొమ్మకీ పేర్లు. విదేశాల్లో ఉన్నవాళ్ల పేర్ల కింద ఊళ్లు కూడా వేయించాడు – డాలస్, చికాగో, సిడ్నీ. మా గోపన్‌పల్లి ఫ్లాట్లో దాన్ని హాలు గోడకి తగిలించాం. వచ్చినవాళ్లంతా దానిముందు నిలబడి ఊళ్లే చదువుతారు, పేర్లు కాదు. అప్పలనర్సమ్మ అందులో లేదని వేరే చెప్పక్కర్లేదు కదా.

మా గోపన్‌పల్లి సంగతి మీలో కొందరికైనా తెలిసే ఉంటుంది. ఒకప్పుడు గుండ్రాళ్లూ, సీతాఫలం పొదలూ ఉన్న పల్లె. ఇప్పుడా రాళ్లు చూడాలంటే యూనివర్సిటీ గోడ అవతలికి తొంగి చూడాల్సిందే. 2024లో ఫ్లైఓవరు కూడా వచ్చేసింది. మా అపార్ట్‌మెంటు లిఫ్టులో ఎవరెక్కినా మాట ఒక్కటే – మా అమ్మాయి అట్లాంటాలో ఉందండీ, మా వాడికి వీసా వచ్చిందండీ. ఆ మాట అనేటప్పుడు ఎవరూ గొంతు తగ్గించరు.

ఇదంతా నాకు మారిషస్‌లో ఒక తోటలో బెంచీ మీద కూర్చున్నప్పుడు వరసగా గుర్తొచ్చింది.

మారిషస్ అనగానే సముద్రం ఒడ్డున కుర్చీ వేసుకుని కొబ్బరినీళ్లు తాగాననుకునేరు! మావారి ఆఫీసు పని మీద వెళ్లాం. ఆయన పని ఎబెన్‌లో. భారత ప్రభుత్వం ఇచ్చిన రుణసాయంతో అక్కడ కట్టుకున్న సైబర్ సిటీ అది. అందులో ఒక భవనం పేరు సైబర్ టవర్. 1998లో మన మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచినప్పుడు చూడ్డానికి జనం బస్సులేసుకుని వచ్చేవారు, గుర్తుందా? దాదాపు అదే పేరు, అవే అద్దాల మేడలు. నాలుగున్నర వేల కిలోమీటర్లు ఎగిరొచ్చి మళ్లీ మా వీధిలోనే దిగినట్టనిపించింది. ఆయన మీటింగుకి వెళ్లగానే నేను మెట్రో ఎక్కాను. మన హైదరాబాద్ మెట్రో కట్టిన ఎల్ అండ్ టీ వాళ్లే దాన్నీ కట్టారు. రోజ్‌హిల్‌లో బండి మారి, బో బాసాన్‌లో దిగి, అక్కడి బాల్‌ఫర్ తోటకి వెళ్లాను. హోటల్లో గదులు సర్దే అమ్మాయి, "అక్కణ్ణించి లోయ చూడండి మేడమ్, టికెట్టు కూడా లేదు" అని చెప్పింది. టికెట్టు లేని చోటంటే నాకు మొదట్నుంచీ గౌరవం.

తోట పెద్దదేం కాదు. నీడనిచ్చే పెద్ద చెట్లు, పచ్చిక, పిల్లల ఉయ్యాలలు, టిఫిను డబ్బాలతో వచ్చిన సంసారాలు. మన పబ్లిక్ గార్డెన్స్‌లో ఆదివారం సాయంత్రంలా ఉంది. కానీ పచ్చిక దాటి చివర కమ్మీల దాకా వెళ్లారా, కాళ్లకింద నేల హఠాత్తుగా అయిపోతుంది. కింద ఎంతో లోతున ప్లేన్ విల్హెమ్స్ నది. గట్టు నిలువునా చెట్లు. ఒక పక్కన సన్నటి జలపాతం, చీరకొంగు జారినట్టు. ఎదురుగా దూరాన మోకా కొండలు. నీళ్ల చప్పుడు మాత్రం పైకి వినిపిస్తూ ఉంటుంది, పక్కింట్లో ఎవరో మాట్లాడుకుంటున్నట్టు.

తోటలో ఒక దడిలోపల రాక్షసి తాబేళ్లున్నాయి. ఒక్కొక్కటీ మా అమ్మ ఇత్తడి గంగాళమంత. ఇవి ఈ దీవి తాబేళ్లు కావు, అల్దాబ్రా దీవివి. మారిషస్‌కి సొంత తాబేళ్లు ఉండేవి. ఓడలవాళ్లు వాటిని వందలకొద్దీ పట్టి, వెల్లకిలా తిప్పి ఓడలో పెట్టుకునేవారు. నెలల తరబడి తిండి పెట్టకపోయినా బతికే మాంసం కదా! పరుగెత్తలేని తాబేలూ, ఎగరలేని డోడో పక్షీ రెండూ ఆ దీవి మీద మిగల్లేదు. అల్దాబ్రా తాబేళ్లకి కూడా అదే గతి పడుతుందని 1874లో శాస్త్రవేత్తలు కొందరు మారిషస్ గవర్నరుకి అర్జీ పెట్టారు. అందులో ఒక సంతకం చార్లెస్ డార్విన్‌ది.

డార్విన్ ఈ చుట్టుపక్కల నడిచినవాడే. 1836 మేలో బీగిల్ ఓడ మారిషస్‌లో ఆగినప్పుడు, సర్వేయర్ జనరల్ కెప్టెన్ లాయిడ్ ఆయన్ని ఈ ప్రాంతంలోనే ఉన్న తన ఇంటికి తీసుకొచ్చి రెండు రోజులు ఉంచుకున్నాడు. తోట పక్కనే ఉన్న ఆ పాతకాలపు మేడని తెల్ల బురుజు అని పిలిచేవారు. లాయిడ్‌కి ఒక ఏనుగుండేది. దీవి మొత్తానికి అదొక్కటే ఏనుగు. డార్విన్ దానిమీద సవారీ చేసి, అంత పెద్ద జంతువు అడుగుల చప్పుడే లేకుండా ఎలా నడుస్తుందా అని ఆశ్చర్యపోయాడు. మన పెళ్లి ఊరేగింపులు చూసి ఉంటే అంత ఆశ్చర్యపోయేవాడు కాదు. ఆయన రాసుకున్న ఇంకో సంగతి నన్ను కాసేపు ఆపింది. పోర్ట్ లూయీలో రోడ్లేస్తున్న భారతీయ ఖైదీలని చూశాడట. భారతదేశంలో మనుషులు ఇంత హుందాగా ఉంటారని అప్పటిదాకా తనకి తెలీదట! అప్పటికి కూలీల ఓడలు మొదలై రెండేళ్లు కూడా కాలేదు.

లోయకి అవతలి వైపున లె రెద్వీ ఉంది. ఇప్పుడు దేశాధ్యక్షుడి భవనం. 1748లో ఫ్రెంచి గవర్నరు దాన్ని కట్టించాడు. ఎందుకనుకున్నారు? రేవు మీద శత్రువులు పడితే, కంపెనీ ఉద్యోగుల ఇళ్లలోని ఆడవాళ్లూ పిల్లలూ పారిపోయి తలదాచుకోడానికి. ఆ పేరుకర్థమే ఆశ్రయం. దాని తోట కొస లోయ మీదికి పొడుచుకొచ్చి ఉంటుంది, దాన్ని ప్రపంచపు అంచు అంటారు. ఎంచక్కటి ఏర్పాటో చూడండి! మొగుళ్లు కింద యుద్ధం చేస్తూంటే, పైన ప్రపంచపు అంచున కూర్చుని పిల్లలకి పాలు పట్టుకోవచ్చు. అయితే ఆ యుద్ధం 1810లో వచ్చేటప్పటికి, ఇంగ్లీషువాళ్లు ఉత్తరపు ఒడ్డున దిగి నాలుగైదు రోజుల్లో దీవిని తీసేసుకున్నారు.

నేనిలా అవతలి గట్టుని చూస్తూంటే పక్క బెంచీ మీద ఒక పెద్దావిడ కూర్చుంది. గౌను వేసుకుంది, నుదుట పావలా కాసంత కుంకుమబొట్టు. పక్కన పదహారు పదిహేడేళ్ల మనవడు. నా చీరా బొట్టూ చూసి ఆవిడ ఏదో అంది, క్రియోల్‌లో. నేను నవ్వి, "తెలుగు" అన్నాను, ఒక్క మాటే. ఆవిడ మొహం దీపం పెట్టినట్టయిపోయింది. గుండెమీద చెయ్యి వేసుకుని, ఒక్కొక్క మాటా వెతుక్కుంటూ, "మేమూ తెలుగు. నాకు పాట వచ్చు. మాట రాదు" అంది.

పాటంటే రామభజన. మారిషస్ తెలుగువాళ్లు రాత్రంతా దీపం చుట్టూ తిరుగుతూ పాడతారు. అమ్మోరు పండగ చేస్తారు, సింహాద్రి అప్పన్నకి పూజ చేస్తారు. ఉగాదికి ఆ దేశంలో సర్కారు సెలవు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. ఇవన్నీ నేను పుస్తకాల్లో చదివినవే గానీ, పాట వచ్చు మాట రాదు అన్న మనిషి పక్కన కూర్చోడం వేరు. ఆవిడ మెల్లిగా ఒక చరణం అందుకుంది. నేను గొంతు కలిపాను. నా గొంతు ఎలా ఉంటుందో మావారినడగండి, ఆవిడ మాత్రం ఏమీ అనుకోలేదు.

మనవడికి ఇంగ్లీషు బాగా వచ్చు. అతనే మా ఇద్దరికీ దుబాసీ. తమని ఒకప్పుడు ఇక్కడ కోరంగీలనేవారని చెప్పాడు. నా గుండె ఒక్కసారి గతుక్కుమంది. అమ్మమ్మ నోట తప్ప నేనెప్పుడూ ఎక్కడా వినని మాట! కోరంగి మన కాకినాడ దగ్గరి రేవు. 1789లో ఒకసారి, 1839లో ఒకసారి ఉప్పెన వచ్చి దాన్ని ఊడ్చిపెట్టింది. 1842 చట్టం తర్వాత కూలీల ఓడలు మదరాసు, కలకత్తా, బొంబాయి రేవుల నుంచే బయల్దేరాలన్నారు. అయినా మదరాసులో ఓడెక్కిన తెలుగువాళ్లని కూడా అక్కడ కోరంగీలనే పిలిచారు. బర్మాలోనూ అంతే. రేవు పోయి పేరు మిగిలింది. అమ్మమ్మ చెప్పిన ఓడ కోరంగిలో బయల్దేరిందో లేదో గానీ, ఆ మాట మాత్రం ఆ ఓడలదే.

ఉత్సాహం పట్టలేక ఆ అబ్బాయికి అప్పలనర్సమ్మ సంగతి చెప్పాను. మా ఇంట్లో ఒకావిడ ఈ దేశమే వచ్చి ఉంటుందన్నాను. ఎందుకొచ్చిందని అడిగాడు. లేచిపోయింది అన్న మాటకి ఇంగ్లీషు వెతికాను. దొరకలేదు. చివరికి "పారిపోయింది" అనే అర్థం వచ్చే మాటేదో అన్నాను.

"దేన్నుంచి?" అన్నాడా అబ్బాయి.

నేను నోరు తెరిచి ఊరుకున్నాను. లేచిపోయింది అంటే మన ఇళ్లల్లో వచ్చే ప్రశ్న ఒక్కటే, "ఎవడితో?" అని. ఇన్నేళ్లలో అమ్మ గానీ, నేను గానీ, కథలు రాసి బతికే నేను గానీ, దేన్నుంచి అని అడగలేదు. ఆ కుర్రాడికి అదే ముందు తోచింది.

వాళ్లు వెళ్లిపోయాక కూడా చాలాసేపు కూర్చున్నాను. నేను కూర్చున్న బో బాసాన్ ఇంత అందంగా ఇళ్లూ తోటలతో ఎలా తయారైందో తెలుసా? అదీ పారిపోయి వచ్చినవాళ్ల చలవే. 1866లో మారిషస్‌లో మలేరియా మొదలైంది. 1867 ఒక్క సంవత్సరంలోనే ముప్పై వేలమందికి పైగా చచ్చిపోయారు, మూడున్నర లక్షల జనం ఉన్న దీవిలో! పోర్ట్ లూయీలో శవపేటికలకి చెక్క కూడా కరువైంది. డబ్బున్నవాళ్లు రేవు వదిలి, చల్లగా ఎత్తుగా ఉన్న ఈ ఊళ్లకి వచ్చేశారు – బో బాసాన్, రోజ్‌హిల్, క్యూర్‌పీప్. అంతకు కొద్దిముందే, 1865లో, ఇటు రైలు పడింది. పొద్దున్న రైల్లో దిగి రేవులో వ్యాపారం, సాయంత్రం రైల్లో ఎక్కి కొండమీద నిద్ర. నేనెక్కిన మెట్రో ఆ రైలు దారిలోనే వేశారు. ఆ దొరలని ఎవరూ లేచిపోయారనలేదు. మకాం మార్చారన్నారు.

జబ్బు తెచ్చింది భారతీయ కూలీలేనని అప్పట్లో చాలామంది అన్నారు. దోమ సంగతి ఇంకా ఎవరికీ తెలీదు. అది తెలియడానికి 1897 దాకా ఆగాలి, అదీ మన ఊళ్లోనే. సికిందరాబాదు బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని పట్టుకున్నాడు. ఆ రాసే 1907లో మారిషస్ వెళ్లి, జబ్బునెలా అరికట్టాలో నివేదిక రాశాడు. తర్వాత 1921లో ఆండ్రూ బాల్‌ఫర్ అనే స్కాచి డాక్టరు ఆ దీవి ఆరోగ్యం సంగతి పరిశీలించడానికి వెళ్లాడు. తోటకున్న పేరు ఆయనదే. ఒక డాక్టరు పేరు తోటకి పెట్టడం నాకు నచ్చింది. మన దగ్గరైతే వీధికి పెడతాం, తర్వాత ఆ వీధిలో దోమలు పెంచుతాం.

మరి ఆ జ్వరానికి పారిపోలేనివాళ్లెవరు? చెరుకుతోటల్లో ఒప్పందం మీద ఉన్నవాళ్లు. 1835లో బానిసత్వం రద్దయ్యాక, బానిసల బదులు వాళ్లని తెచ్చారు. 1834 నుంచి 1910 దాకా దాదాపు నాలుగున్నర లక్షలమంది ఆ దీవిలో దిగారు. ఎక్కువమంది బీహారు వైపు నుంచి, మిగిలినవాళ్లలో తమిళులూ, మనవాళ్లూ, మరాఠీలూ. అయిదేళ్ల ఒప్పందం, మగవాడికి నెలకి అయిదు రూపాయలూ, తిండిగింజలూ. ఒకరోజు పనికి రాకపోతే రెండురోజుల కూలి కోత. ఇంట్లో పనిమనిషి నాగా పెడితే లెక్కలు కట్టే మనకి ఈ లెక్క చప్పున అర్థమవుతుంది.

1867లో, సరిగ్గా ఆ జ్వరాల ఏడాదే, ఇంకో చట్టం వచ్చింది. ఒప్పందం పూర్తయి స్వేచ్ఛగా బతుకుతున్న పాత కూలీ కూడా, తన ఫొటో అంటించిన చీటీ ఎప్పుడూ దగ్గర పెట్టుకోవాలి. చీటీ లేకుండా జిల్లా దాటితే దేశదిమ్మరి అని పట్టుకుని జైల్లో పెట్టేవారు. అదే ఏడు, అదే దీవి. ఒకడు రైలెక్కి కొండమీదికి వెళ్తే మకాం మార్చడం, ఇంకొకడు కాలినడకన పక్క జిల్లాకి వెళ్తే నేరం! ఈ అన్యాయం మీద 1871లో తొమ్మిదివేల పైచిలుకుమంది కూలీలు అర్జీ పెట్టుకున్నారు. రాయించి పెట్టినవాడు అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే తెల్లవాడే. తోటల యజమానులు అతన్ని దేశం నుంచి తరిమెయ్యాలన్నారు. కానీ లండన్ నుంచి విచారణ సంఘం వచ్చింది, అర్జీలో రాసినవి చాలావరకు నిజమేనని తేల్చింది.

ఆ చీటీల కోసం ప్రభుత్వం తీయించిన ఫొటోలు ఇప్పటికీ ఉన్నాయి. మోకాలో మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల దగ్గర ఉన్నాయి. లోయకి అవతలే! పేరు, తండ్రి పేరు, ఊరు, వయస్సు, ఎత్తు, ఒంటిమీద మచ్చ, నంబరు. పారిపోతే పట్టుకోడానికి రాసుకున్నవి. ఆ కట్టల్లో ఆడవాళ్ల మొహాలు కూడా ఉన్నాయి. మేరినా కార్టర్ అనే చరిత్రకారిణి ఆ దీవికి వెళ్లిన ఆడవాళ్ల అర్జీలూ వాఙ్మూలాలూ వెతికి 1994లో ఒక పుస్తకమే వేసింది. మొగుడి కోసం వెతుక్కుంటూ వచ్చినవాళ్లు, పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చిన విధవలు, అక్కచెల్లెళ్ల కోసం అర్జీలు పెట్టినవాళ్లు. వాళ్ల ఊళ్లల్లో వాళ్లని ఏమనేవారో ఊహించుకోవచ్చు.

మర్నాడు మోకా వెళ్దామనుకున్నాను. వెళ్లి ఏమని అడగను? నంబరు తెలీదు, ఓడ తెలీదు, ఏడు తెలీదు. అప్పలనర్సమ్మ అంటే విజయనగరం వైపు ఇంటికొకరుంటారు. రాత్రి హోటలు గదిలోంచి అమ్మకి ఫోను చేశాను. ఊరికే కుశలమడిగినట్టు మొదలుపెట్టి, "అమ్మా, అప్పలనర్సమ్మ దేన్నుంచి పారిపోయిందే?" అన్నాను.

అవతల చాలాసేపు మాట లేదు. ఫోను కట్టయిందేమో అనుకున్నాను.

"దేన్నుంచేమిటే, ఆకలి. మొగుడు పోయాడుట. కరువు రోజులుట. పిల్లలిద్దర్నీ చెరో చేత్తో పట్టుకుని, తెల్లారకుండా వెళ్లిపోయిందిట. మా అమ్మమ్మ చెప్పేది."

"పిల్లల్ని తీసుకునా? లేచిపోయేది పిల్లల్నెందుకు తీసుకెళ్తుందమ్మా?"

"అదేనే నేనూ అడిగాను ఒకప్పుడు. మా అమ్మమ్మ ఏమందో తెలుసా? తిండి పెట్టలేకపోయాం అని ఏ ఇంటివాళ్లు చెప్పుకుంటారే, అంది."

"మరి నాకెందుకలా చెప్పావు?"

"నాకూ ముందు అలాగే చెప్పారు" అంది అమ్మ. కాసేపాగి, "చిన్నవాడి పేరు సింహాద్రిట. అది చెప్పు వాళ్లకి, దొరుకుతుందేమో" అంది.

ఏ కరువో అమ్మకి తెలీదు. 1866లో ఒరిస్సానీ గంజాంనీ కాల్చేసిన కరువా, 1876లో వచ్చిన ధాత కరువా? నవలైతే 1866 అని ఖాయం చేసేసి, ఆమెని ఆకలినుంచి తప్పించి సరిగ్గా 1867 జ్వరంలోకి దింపి, మీచేత మూడు వారాలు కన్నీళ్లు పెట్టించేదాన్ని. అలవాటు ప్రకారం చెయ్యి దురద పెట్టింది కూడా. మానుకున్నాను.

మోకా వెళ్లాను. సింహాద్రి అన్న పేరు చెప్పాను. అక్కడి ఉద్యోగిని నవ్వి, మా దేశంలో ఆ పేరు ఇంటిపేరై ఎన్ని కుటుంబాలకుందో మీకు తెలుసా అని అడిగింది. సిమాద్రీ అని రాసుకుంటారట. నంబరు లేనిదే ఆవిడ మాత్రం ఏం చెయ్యగలదు? పాపం మంచినీళ్లిచ్చి, కాసేపు కూర్చోబెట్టి పంపింది.

గోపన్‌పల్లి తిరిగొచ్చిన రోజు, పెట్టెలు విప్పకుండానే గోడమీది వంశవృక్షం దించాను. అద్దం ఊడదీయడానికి మావారి సాయం కావలసొచ్చింది. "ఇప్పుడేమిటి ఈ పని?" అని సణుగుతూనే మేకులు తీసిపెట్టారు. అమ్మమ్మ వాళ్ల అమ్మమ్మ ఉన్న కొమ్మ పక్కన ఖాళీ లేదు, మా వాడు ఆకులు ఒత్తుగా వేయించాడు. అంచు మీద పెన్సిలుతో అప్పలనర్సమ్మ, ఇద్దరు పిల్లలు, సింహాద్రి అని రాశాను. పెద్దపిల్లో పిల్లాడో పేరు తెలీదు గనక అక్కడ గీత గీశాను. కింద ఊరు కూడా వెయ్యాలి కదా, డాలస్‌కీ సిడ్నీకీ వేసినట్టే. మారిషస్ అని వేశాను.

మొన్న పై అంతస్తు ఆవిడ పేరంటానికి పిలవడానికొచ్చి, ఎప్పట్లాగే దానిముందు నిలబడి ఊళ్లు చదివింది. "మారిషస్‌లో కూడా మీవాళ్లున్నారా? ఏ కంపెనీ అండీ?" అంది.